పత్తిరాశిలో మామయ్యగారి చెయ్యి

మొన్న ఆదివారం మా మనవరాలు సైన్సు హోంవర్కు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఏడో తరగతి. 'నిత్యజీవితంలో ఉష్ణవహనానికి ఒక ఉదాహరణ రాయుము' అని ప్రశ్న, దాని కింద మూడు గీతల జాగా. పొయ్యి మీది పెనం కాడ వేడెక్కుట అని అప్పటికే రాసేసింది. తప్పేమీ లేదు, పూర్తి మార్కులు వచ్చే జవాబే. కాకపోతే ముప్ఫయ్యేళ్ళు సైన్సు టీచరుగా పనిచేసి, ఏటా వందల పేపర్లలో అదే పెనాన్నీ అదే కాడనీ దిద్దినదాన్ని, నాకు ఆ పెనం అంటే విసుగు పుట్టేసింది. నా దగ్గర ఇంకో ఉదాహరణ ఉంది, చెప్పనా అన్నాను. ఎన్ని గీతలు పడుతుందని అడిగింది. చాలానే పడుతుందన్నాను. "అయితే వద్దులే అమ్మమ్మా, మూడే ఉన్నాయి" అని పుస్తకం మూసుకుని వెళ్ళిపోయింది. మీకు ఆ గీతల బెడద లేదు కనక మీకు చెబుతాను.

మా అత్తవారిది తిరువూరులో పత్తి వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు, పక్కన రేకుల గోడౌను. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు, ఎ.కొండూరు వైపు నుంచీ పెనుగొలను వైపు నుంచీ కూడా, పత్తి తెచ్చి మా కొట్టు ముందు దింపేవారు. మేము దాన్ని పోగుచేసి, గింజ వేరుచేసే జిన్నింగు మిల్లులకు పంపేవాళ్ళం. మేము అంటున్నాను గానీ అందులో నా చెయ్యేమీ లేదు. ఊళ్ళోనే బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్సు చెప్పేదాన్ని. వ్యాపారస్తుల ఇంట్లో ఉద్యోగం చేసే కోడలేమిటని అత్తయ్యగారికి మొదట్లో కొంచెం ఇబ్బందిగా ఉండేది. నెల జీతం వచ్చే మనిషి ఇంట్లో ఒకరుండటం మంచిదేనని తరవాత ఆవిడే నలుగురికీ చెప్పేవారు. సీజన్ మొదలైతే ఆ ఇంట్లో దూది లేని చోటు ఉండేది కాదు. కాఫీలో దూది, పెరుగు మీద దూది, దేవుడి పటాల మీద దూది. పెళ్ళయిన కొత్తలో స్టాఫ్‌రూములో ఒక మేడమ్ నా తల చూసి, అప్పుడే నెరిసిపోయిందే పాపం అని జాలిపడింది. నేను తల దులుపుకుని మళ్ళీ చిన్నదాన్నయ్యాను.

ఆ వ్యాపారమంతా మామయ్యగారి కుడిచేతి మీద నడిచేది. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, కాబట్టి ఆయన మీద మాత్రం దూది కనిపించేది కాదు. బండి వచ్చి ఆగగానే ఆయన కొట్టులోంచి దిగి, చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచి, పత్తిలోకి చెయ్యి దూర్చేవారు. అలా ఉంచి, ఏదో వింటున్నట్టు ఒక నిమిషం నిలబడేవారు. ఆ నిమిషం కొట్టులో ఎవరూ మాట్లాడకూడదు. తరవాత చెయ్యి తీసి ఒకే మాట చెప్పేవారు. బాగుంది అంటే బాగున్నట్టు. నెమ్ముంది అంటే పత్తిలో తడి ఉన్నట్టు, ఇక రైతు ఎంత మొత్తుకున్నా ఆరబెట్టి తేవలసిందే. ఆయన చెయ్యి పెట్టకముందు సరుకును ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు, మా ఆయన కూడా. రాశి దగ్గర ఒకసారి అన్న మాటను ఆయన వెనక్కి తీసుకునేవారూ కాదు. తేమ చూసే మిషన్లు అప్పటికే బజారులోకి వచ్చేశాయి, మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు కొనుక్కున్నారు. రైతులు మాత్రం మిషను చెప్పినదాని మీద తగాదా పడేవారు గానీ మామయ్యగారి చేతి మీద పడేవారు కాదు. మిషనుకి బ్యాటరీ అయిపోతుంది, ఆ చేతికి అవదు అనేవారు.

నా పాఠాలంటే ఆయనకు వేళాకోళం, ఇష్టం కూడా. నన్ను మామూలుగా అమ్మాయ్ అనీ, ఆటపట్టించాలంటే టీచరుగారూ అనీ పిలిచేవారు. ఒకసారి ఏడో తరగతికి ఉష్ణబంధకాలు చెబుతూ, ఐసుగడ్డ ఒకటి పళ్ళెంలో విడిగా పెట్టి, ఇంకోటి పత్తిలో చుట్టి పెడితే ఏది ముందు కరుగుతుందని పిల్లల్ని అడిగాను. దానికి పత్తి మా కొట్టులోదే తీసుకెళ్ళాను, అత్త సొమ్ము అల్లుడి దానం. క్లాసు క్లాసంతా పత్తిలోదే ముందు కరుగుతుందని చేతులెత్తారు. పత్తి వెచ్చగా ఉంటుంది కదా టీచర్ అని వాళ్ళ వాదన. గంట కొట్టేసరికి విడిగా పెట్టింది నీళ్ళయిపోయింది, పత్తిలోది ఇంకా గడ్డగానే ఉంది. పత్తికి సొంత వేడి ఏమీ ఉండదనీ, దాని పోగుల మధ్య ఇరుక్కున్న గాలి వేడిని అటూ ఇటూ కదలనివ్వదనీ బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. సాయంత్రం ఇంటికొచ్చి మామయ్యగారికి చెబితే ఆయన బొమ్మ అవసరం లేకుండానే పట్టేశారు. "అంటే పిసినారన్నమాట. లోపలున్నదాన్ని పోనివ్వదు, బయటున్నదాన్ని రానివ్వదు" అన్నారు. మర్నాడు ఆ వాక్యాన్నే క్లాసులో చెప్పాను. బోర్డు మీది బొమ్మ కంటే అదే ఎక్కువ ఎక్కింది.

ఇంకోసారి మూడు గిన్నెల ప్రయోగం. ఒక గిన్నెలో చన్నీళ్ళు, ఒకదాంట్లో ఓర్చుకోగలిగినంత వేణ్ణీళ్ళు, మధ్యదాంట్లో గోరువెచ్చటివి. ఒక చెయ్యి చన్నీళ్ళలో, ఒకటి వేణ్ణీళ్ళలో కాసేపు ఉంచి, రెండూ ఒకేసారి మధ్య గిన్నెలో పెట్టాలి. నీళ్ళు అవే అయినా ఒక చేతికి వేడిగా, ఇంకో చేతికి చల్లగా అనిపిస్తాయి. వేడిని కొలవడానికి చెయ్యి పనికిరాదు, థర్మామీటరు కావాలి అని చెప్పడానికి ఇది బాగా పనికొస్తుంది. బడిలో చేసేముందు ఇంట్లో ఒకసారి చేసి చూద్దామని వంటింటి గట్టు మీద పెట్టాను. అత్తయ్యగారు చేతులు పెట్టి, ఇదేం మాయే అని నవ్వారు. మా ఆయన రెండుసార్లు పెట్టారు. మామయ్యగారు చేతులు పెట్టి కాసేపు నన్నే చూస్తూ ఊరుకుని, "రెండిటికీ ఒకటేగా ఉంది. నీళ్ళు ఒకటే కదా మరి" అన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. ఎవరి చేతినైనా మోసం చెయ్యొచ్చు గానీ మామయ్యగారి చేతిని చెయ్యలేరని అత్తయ్యగారు గర్వపడ్డారు. నేను ఇంకాస్త ముందుకెళ్ళి, నలభయ్యేళ్ళ సాధన ఉంటే చెయ్యి కూడా థర్మామీటరు అవుతుందని మర్నాడు క్లాసులో చెప్పాను. సైన్సు చదువుకున్న మనిషిని, ప్రయోగం తప్పుతోందంటే కారణం వెతకాలి. నేను వెతకలేదు. ఇంటి పెద్దాయన మీద గౌరవం ఒకటి అడ్డం వచ్చింది.

ఆ ఏడు పత్తి తీతలు జోరుగా ఉన్నప్పుడు తుఫాను పట్టుకుంది. మా వైపు గాలి లేదు గానీ ముసురు, నాలుగు రోజులు వదలకుండా. చేలో ఉన్న పత్తి తడిసి నల్లబడకముందే తీసేసుకోవాలని రైతులు ఇంటిల్లిపాదీ చేలల్లోనే ఉండిపోయారు. తీసిన పత్తిని తీసినట్టు ట్రాక్టర్ల మీద వేసి, పట్టా కప్పి, డ్రైవరుకి చీటీ ఇచ్చి మా కొట్టుకి పంపేసేవారు. మామయ్యగారు గొడుగు కింద నిలబడి, ఎప్పటిలాగే చెయ్యి పెట్టి, ఎప్పటిలాగే ఆగి, బాగుంది దింపండి అనేవారు. ఈ ముసురులో వచ్చిన పత్తి అంత పొడిగా ఎలా ఉందో అని నాకు ఒకసారి అనిపించింది. అనిపించినంత తొందరగానే మర్చిపోయాను, యూనిట్ టెస్టు పేపర్లు దిద్దాల్సినవి కుప్ప పడి ఉన్నాయి. గోడౌనులో రాశి రెండు నిలువుల ఎత్తయింది. రేకుల్లోంచి చినుకు పడుతోందని దాని మీద పట్టాలు కప్పారు. చెమ్మగాలి లోపలికి రాకూడదని తలుపులు కూడా మూసేశారు. అందరూ జాగ్రత్తే చేశామనుకున్నాం.

ముసురు వెలిసిన రెండో రోజు గోడౌను వైపు నుంచి ఒక వాసన మొదలైంది. వేరుశనక్కాయలు ఉడకేసి నీళ్ళు పారబొయ్యడం మర్చిపోతే వస్తుంది చూడండి, ఆ పులిసిన వాసన. మా ఆయన వెళ్ళి వాళ్ళ నాన్నగారిని రాశి ఒకసారి చూడమన్నారు. మామయ్యగారు లోపలికెళ్ళి రాశిలో చెయ్యి పెట్టి, చల్లగానే ఉంది, వానకి గోడలు చెమ్మగిల్లిన వాసన అన్నారు. ఆ మాటతో కొట్టులో అందరికీ ముక్కులు పనిచెయ్యడం మానేశాయి. బడి నుంచి వచ్చి చూస్తే పట్టా లోపలి వైపు నీటి బొట్లు వరుసగా పట్టి ఉన్నాయి. వాన కురిసింది పట్టా పైన, బొట్లు పట్టింది కింద. అది చూశాక నాకు నిలకడ లేదు. తడిసిన పత్తిలో గింజ ఊపిరి పీలుస్తుంది, బూజు పడుతుంది. ఆ రెండిటివల్లా వేడి పుడుతుంది. అలా పుట్టిన వేడిని పత్తి బయటికి పోనివ్వదు. పోనివ్వదని ఏడో తరగతి పిల్లలకు చెప్పిందాన్ని నేనే. మోచేతి లోతులో చల్లగా ఉన్నంతమాత్రాన రాశి నడుమ చల్లగా ఉండాలని ఎక్కడా లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆ రాశి ఏ క్షణాన రాజుకుంటుందో తెలియదు, దాని పక్క గోడకి అవతల మేమే పడుకుంటున్నాం.

మర్నాడు ఆదివారం. కాఫీలప్పుడు మామయ్యగారిని అడిగాను, రాశి నడుమ దాకా గునపం దింపి కాసేపు ఉంచి చూద్దామా అని. థర్మామీటరు తెద్దామనుకున్నాను గానీ మా బడి థర్మామీటరు జానెడు పొడుగు. పైగా బయటికి లాగి చదివేలోపలే అందులో పాదరసం దిగిపోతుంది. ఇనుము అయితే నిలువెత్తు ఉంటుంది, లోపలి వేడిని తాగి ఉంటుంది, చేతిని తాకగానే గబుక్కున అప్పజెబుతుంది. అదే వేడిలో ఉన్న పత్తి అలా అప్పజెప్పదు. ఇదంతా చెబితే ఆయన ఒకసారి మా ఆయన వైపు, ఒకసారి నా వైపు చూశారు. నా చెయ్యి చెప్పాక ఇంకా గునపమెందుకు అనలేదు. "టీచరుగారి ముచ్చట కాదనడమెందుకు, దింపండి" అన్నారు. ఇద్దరు హమాలీలు పట్టా తొలగించి గునపాన్ని ఏటవాలుగా రాశిలోకి, చివర జానెడు మిగిలేదాకా దింపారు. అరగంట ఉంచాం. ఆ అరగంటా మామయ్యగారు కొట్టులో కూర్చుని పేపరు చదివారు. ఒకే పేజీ చదివారని నాకు ఇప్పుడు గుర్తొస్తోంది.

పెద్ద హమాలీ బయట మిగిలిన కొసను పట్టుకుని గునపం లాగి, గోనె మీద పడుకోబెట్టాడు. ఆనవాయితీ ప్రకారం మొదట మామయ్యగారి చెయ్యే పడాలి. ఆయన వంగి, లోపలి నుంచి వచ్చిన వైపు గుప్పిట పట్టి పైకి ఎత్తారు. "చల్లగానే ఉంది" అన్నారు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నేను తలుపు వైపు వెలుతురులో నిలబడి ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. ఆయన గుప్పిట రెండు పక్కలా గునపానికి అంటుకున్న తడి దూది మీంచి సన్నగా ఆవిరి లేస్తోంది. మామయ్యగారు అలవాటు ప్రకారం మాట అనేశాక నా మొహంలోకి చూశారు. చూసి కూడా గునపం వదల్లేదు. ఆ ఒక్క క్షణంలో నాకు మూడు గిన్నెలూ, ముసురులో దిగిన ట్రాక్టర్లూ అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. ఆయనకు పదిహేనేళ్ళుగా షుగరు. కాళ్ళు మొద్దుబారాయని చెప్పులు మార్చిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. చేతుల గురించి ఎవరూ అడగలేదు. నాకు భయం వేసింది, ఏడుపూ వచ్చింది. పక్కన మా ఆయనా, ఇద్దరు హమాలీలూ ఉన్నారు. ఒక్క మాటలో ఆ చెయ్యి సంగతి సాయంత్రానికి తిరువూరంతా తెలుస్తుంది, రేపటికి పెనుగొలను దాకా వెళ్తుంది. చెప్పకపోతే ఆయన ఆ గునపం వదలరు.

ఆనవాయితీ పక్కనబెట్టి నేనే వెళ్ళి ఆయన గుప్పిట పక్కన చెయ్యి వేశాను. చుర్రుమంది. వెనక్కి లాక్కుని, క్లాసులో మాట్లాడే గొంతుతో అందరికీ వినపడేట్టు చెప్పాను. "నాకు కాలుతోంది మావయ్యగారూ. మీది నలభయ్యేళ్ళు కాయలు కాసిన చెయ్యి. మందపు చర్మంలోంచి వేడి నిదానంగా వెళ్తుంది, మీ దాకా రావడానికి టైము పడుతుంది." ఇది తప్పు. కాయలు కాసిన చెయ్యి వేడిని ఒకటి రెండు క్షణాలు ఆపగలదేమో గానీ అంతసేపు ఆపలేదు. పైగా ఆయన చేతికి కాయలే లేవు. చొక్కా నలక్కుండా వ్యాపారం చేసిన మనిషి, అరచెయ్యి నా అరచెయ్యి కంటే మెత్తన. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో తెలియక ఎన్ని తప్పులు చెప్పానో గానీ, తెలిసి చెప్పిన తప్పు పాఠం అదొక్కటే.

మామయ్యగారు "ఆఁ, ఇప్పుడు వస్తోంది" అని గునపం కింద పెట్టేశారు. పెట్టి, చెయ్యి పంచె మడతలోకి తీసుకుని, రాశి విప్పండి అన్నారు.

విప్పుతుంటే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి గోడౌనంతా కమ్ముకుంది. పై పత్తి తెల్లగానే ఉంది. లోపలికి పోయేకొద్దీ పసుపు, ఇంకా లోపల మురిగిన ఆకు రంగు. నడుమ ఒకచోట పట్టుకుంటే పోగు పొడైపోయింది. సందులోని ఇళ్ళ వాళ్ళందరినీ పిలిచి, కొట్టు ముందూ, మా డాబా మీదా, ఎదురింటి అరుగు మీదా పల్చగా పరిచాం. గాలి తగిలిన పత్తి నిమిషాల్లో చల్లారిపోయింది. రాశిగా ఉన్నప్పుడు రోజుల తరబడి పట్టుకుని కూర్చున్న వేడి అది. సగానికి పైగా దక్కింది. టీచరుగారి గునపం వల్ల గోడౌను దక్కిందని హమాలీలు రెండు రోజులు చెప్పుకున్నారు. మామయ్యగారి చెయ్యి ఎంత మందమో, ఎర్రగా కాలిన గునపమైనా పట్టుకోగలరనే కథ కూడా అదే చోట పుట్టింది. ఎర్రగా కాలలేదు. పట్టుకుంటే కాలేంత వేడి, అంతే. ఆ కథను మాత్రం నేను దిద్దలేదు.

మధ్యాహ్నం అందరూ డాబా మీద ఉండగా ఆయన్ని పంపు దగ్గర కూర్చోబెట్టి చేతి మీద చాలాసేపు నీళ్ళు పోశాను. అరచెయ్యి పొడుగునా బొబ్బ లేచింది. ఆయన ఆ బొబ్బను ఎవరిదో పరాయి సరుకును చూసినట్టు చూస్తున్నారు. ఎప్పటి నుంచి అని అడిగాను. రెండు సీజన్లయింది అన్నారు, మొదట వేళ్ళు, తరవాత మణికట్టు దాటి. మరి ఈ రెండేళ్ళూ రాశి దగ్గర ఒక్కసారి కూడా తప్పలేదు కదా అన్నాను.

"చెయ్యి పత్తిలో పెట్టి, రైతు మొహం చూసేవాణ్ణమ్మా. తూకం కోసం నీళ్ళు చల్లుకొచ్చినవాడు నా చేతినే చూస్తాడు. ఎండబెట్టి తెచ్చినవాడు కొట్టులో ఇంకెవరెవరున్నారా అని చూస్తాడు. ఎంత లోపల తడుందో కూడా వాడి గొంతులో తెలుస్తుంది."

"మరి ఈ వారం?"

"ఈ వారం అన్నీ డ్రైవర్లతో వచ్చాయి. డ్రైవరు మొహంలో ఏముంటుంది. వాడికేం తెలుసు దాంట్లో తడుందో లేదో."

నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. నవ్వాక, పొద్దున నా మొహం చూశారు కదా, మరి వెంటనే వదిలెయ్యలేదేం అని అడిగాను. కాలుతోందని నీ మొహం చెప్పింది, కానీ అప్పటికే మాట అనేశాను అన్నారు. "వదిలితే చెయ్యి పోయిందని తెలిసిపోద్ది. పట్టుకుంటే చర్మమే కదా పోయేది." ఎవరికీ చెప్పొద్దని ఆయన అడగలేదు. చెప్పనని నేనూ అనలేదు. మందు రాసి కట్టు కట్టాను.

ఆ తరవాత మా ఇద్దరికీ ఒక పద్ధతి ఏర్పడింది. పొద్దున బడికి వెళ్ళేముందు, సాయంత్రం వచ్చాక, బండి ఏదైనా వచ్చి ఉంటే ఆయన అమ్మాయ్ అని కేకేసేవారు. టీచరుగారు సైన్సు పరీక్ష చేస్తారు, చూడండి అని రైతులతో హాస్యమాడేవారు. నేను ఆయన పక్కన నిలబడి చెయ్యి పెట్టేదాన్ని, ఆయనా పెట్టేవారు. నేనేమీ చెప్పనక్కర్లేదు. ఆయన ఒకసారి రైతు మొహం, ఒకసారి నా మొహం చూసి మాట చెప్పేవారు. ఎండిన పత్తి వేళ్ళ మధ్య ఎలా విడిపోతుందో, తడిది ఎలా ఒదిగిపోతుందో, చల్లగా తగిలే తడి వేరు, వెచ్చగా తగిలే తడి వేరు అనీ ఆ మూడు సీజన్లలో నేర్చుకున్నాను. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదది. మధ్యాహ్నం వచ్చిన బండ్లను నేను వచ్చేదాకా ఏదో ఒక వంకతో ఆపేవారు. కాంటా సరిగా లేదనో, హమాలీలు భోజనాలకెళ్ళారనో. తేమ చూసే మిషను కొందామని మా ఆయన ఆ మూడేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు. అంతకుముందు ఏటా అనేవారు. ఆయనకు తెలుసో తెలియదో నేను ఇప్పటికీ అడగలేదు.

మూడో సీజన్ చివర మామయ్యగారికి ఒళ్ళు వాచి, విజయవాడ తీసుకెళ్ళాం. నాలుగు రోజులు పరీక్షలు చేశారు. ఐదో రోజు మా ఆయన మందుల కోసం కిందికి వెళ్ళిన సమయంలో డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి మాట్లాడాడు. మంచివాడే, నిదానంగా చెప్పాడు. మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి, ఈ వయసులో ఇంక చెయ్యగలిగింది తక్కువ, నెలల్లో లెక్కపెట్టుకోవాలి. నేను పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాను. పమిటతో తుడుచుకున్నాను. కిటికీ అద్దంలో మొహం చూసుకుని, స్టాఫ్‌రూములో ఇన్‌స్పెక్షను రోజు పెట్టే మొహం పెట్టుకున్నాను. ఆ మొహంతో ఎందరో అధికారుల్ని నమ్మించినదాన్ని.

లోపలికి వెళ్ళేసరికి ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. డాక్టరు ఏమన్నాడని అడిగారు. ఏమీ లేదు మావయ్యగారూ, మందులు మారుస్తారట అన్నాను. ఆయన నా మొహంలోకి చూశారు. చాలాసేపేమీ కాదు. రాశిలో చెయ్యి పెట్టి ఆగినంతసేపు.

"డ్రైవరు మొహం నీకు రాదమ్మా" అన్నారు.

నేను మంచం అంచున కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. పట్టుకున్నట్టు ఆయనకు తెలియదని తెలుసు, అయినా పట్టుకున్నాను. ఆయన అది చూసి, రెండో చెయ్యి తెచ్చి నా చేతి మీద వేశారు. ఇంటికి పోదాం, ఇక్కడ గాలాడటం లేదు, తిరువూరు బస్సు ఎన్నింటికుందో కనుక్కోమను అబ్బాయిని అన్నారు. కారు మాట్లాడి తీసుకొచ్చాం. దారి పొడుగునా ఎండిపోయిన పత్తిమోళ్ళు పీకి చేల గట్ల మీద కుప్పలు వేసి ఉన్నాయి. ఆయన వాటిని చూస్తూనే వచ్చారు. వానాకాలం పత్తి పూతకొచ్చే రోజుల్లో పోయారు.

వేడి వస్తువు ఎలా చల్లారుతుందో పై తరగతుల్లో చెబుతారు. మొదట్లో గబగబా చల్లారుతుందట, చుట్టూ ఉన్న వేడికి దగ్గరపడేకొద్దీ నిదానిస్తుందట. సరిగ్గానే చెబుతారు. ఆయన పోయిన మొదటి ఏడాదిలోనే నా దుఃఖం సగం చల్లారింది, మిగిలిన సగానికి ఆ తరవాతి పదేళ్ళు చాలలేదు.